హాప్స్ తీగకు గిల్లిన పూత

చిత్తూరులో ఊరి చివరి బంగళాలో మా నాయన తోటమాలి. పదిహేనేళ్లు ఆ ఇంటి మట్టి పిసికాడు. ఆ బంగళా దొరసాని ఆయనతో నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏం కావాలన్నా వంటవాడితో చెప్పేది, వాడు వచ్చి మా నాయనతో చెప్పేవాడు. అదీ సగం మింగి సగం చెప్పేవాడు. ఈ సంగతి రాయబోతే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పందొమ్మిదివందల నలభైల్లో మా జిల్లాలో మద్యనిషేధమని కల్లంగళ్లు మూతపడ్డాయి. దొరసాని ఇంట్లో రొట్టెపిండి పులిసేది కల్లుతోనే. కల్లు లేక రొట్టె చెక్కలా వచ్చేసరికి ఆమె నీలగిరి నుంచి ఏవో వేరు ముక్కలు తెప్పించింది. హాప్స్ అంటారట. దాని పూలు ఎండబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లతో పిండి పులియబెడతారట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు వంటవాడు వేర్లు చేతిలో పెట్టి చెప్పింది ఒకటే మాట.

"దొరసానమ్మ తీగంట అబ్బా. పానం మాదిరి సూసుకోమనింది."

ఎందుకు, ఏం కాస్తుంది అని నాయన అడగలేదు. తోటపనిలో తనకు తెలియనిది ఉందని ఎవరూ అనుకోకూడదు ఆయనకు. తమలపాకు తోటల్లో పెరిగిన మనిషి, తీగను చూడగానే ఆకు కోసమే అనుకున్నాడు. అటూ ఇటూ అవిశె మొక్కలు నాటి వాటి నీడలో పాకించాడు. తీగ మొదలు చుట్టూ పుదీనా నాటాడు, నేల చల్లగా ఉంటుందని, ఆ వాసనకు పేనుబంక పురుగు దగ్గరికి రాదని. పక్కనే మరువం, దవనం. మా ఎండకు ఆ చలిదేశపు తీగ బతకడమే గొప్ప, అలాంటిది రెండో ఏడాదికి మనిషెత్తు దాటింది. దాన్ని బతికించింది మా నాయన చేతులే. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఊరుకోను.

పుదీనాకు, మరువానికి పూత వస్తే ఆకులో సారం పోతుంది. కనిపించగానే గిల్లెయ్యాలి. ఆ పని నాది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఎండాకాలంలో దొరసాని నీలగిరికి వెళ్లినప్పుడు ఆ తీగకు కూడా మొగ్గలు వచ్చాయి, లేతాకుపచ్చగా, రేకు మీద రేకుగా. ఏం చెయ్యమంటావని నాయనను అడిగాను.

"గిల్లెయ్ పాపా. పూత నిలిస్తే ఆకు గిడసబారిపోతాది."

ఒడినిండా గిల్లి ఎరువుగుంతలో పోశాను. నెల పొడుగునా అదే పని. వేళ్లకు పట్టిన చేదు అన్నంలోకి కూడా వచ్చేది.

దొరసాని తిరిగొచ్చి పూల కోసం తీగంతా వెతికింది. ఒక్కటీ లేదు. నేను పూలు ఒడిలో వేసుకుపోతుంటే తాను చూశానని వంటవాడు ముందుకొచ్చాడు. నెల రోజులు చూస్తూ నోరెందుకు తెరవలేదో వాడికే తెలియాలి. పూలు దొంగసారా కాచేవాళ్లకు అమ్ముకున్నావని ఆమె నాయన మీద విరుచుకుపడింది. ఆ తిట్లలో మాత్రం వాడు ఒక్కటి కూడా మింగకుండా తెలుగులో చెప్పాడు.

పువ్వు కోసమని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె సొమ్మేం పోయేది? ఎరువుగుంత పది అడుగుల దూరంలో ఉంది. ఎండిన పూలు ఇంకా పైపైనే ఉన్నాయి. చూపిద్దామని కదిలాను. నాయన నా జబ్బ పట్టి వెనక్కి లాగాడు.

"నోరు మూసుకో పాపా. మాట్లాడినావంటే తోలు వలుస్తా."

అంతకుముందు ఆయన నన్ను గట్టిగా కసిరింది కూడా లేదు. దొరసాని ఆయన్ను పనిలోంచి తీసేసింది. పోయేముందు పుదీనా, మరువం, దవనం ఆయన చేతనే పీకించింది, అవి తీగ బలం తినేశాయట.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "ఏందయ్యా, నిజంగా అమ్మినావా?"

"అమ్మలేదు. పాప గిల్లి పారేసినాది, నేనే సెప్పినా."

"ఆ మాట ఆడ సెప్పేదానికేం?"

నాయన కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "ఏమని సెప్పేది? ఏ తీగకు ఏది కోసుకోవాల్నో తెలీని తోటమాలినని సెప్పేదా? దొంగంటే అననీలే."

అమ్మ తల కొట్టుకుంది. ఆ తర్వాత చిత్తూరులో ఏ బంగళావాళ్లూ ఆయన్ను గేటు దాటనివ్వలేదు. చచ్చేదాకా రాళ్లు కొట్టాడు. దొరసాని మీద నా కోపం ఎప్పుడో పాతబడింది. నాయన మీద కోపం ఇంకా పచ్చిగానే ఉంది. తన బతుకే కాదు, అమ్మదీ నాదీ కూడా ఆ ఒక్క బింకానికి ధారపోశాడు.

ఆయన పోయిన రోజు శవం ముందు కూర్చున్న ఒక ముసలాయన పక్కవాడితో అన్నాడు. "తోటపనిలో వానికి సాటి లేదప్పా. సేతివాటమే సెడ్డది."

పూలు గిల్లింది నేనని చెప్పడానికి లేచాను. నాయన ముఖం చూశాను. మళ్లీ కూర్చున్నాను.