గొంగడిలో వెచ్చబడ్డ కాఫీ మిషన్

మా మేనమామ పోయాడు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున గొర్రెలను మేతకు వదిలి, ఊరి బయట రాతిగుండుకు వీపు ఆనించి ఎండ కాగుతూ కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. గొంగడి భుజం మీదే ఉంది, కట్టె ఒళ్లోనే ఉంది. మంద ఎంతకూ ముందుకు కదలకపోయేసరికి పక్క చేనులోని వాళ్లు అనుమానపడి వచ్చి చూశారట. డాక్టరు గుండె ఆగిందన్నాడు. మా అత్త మాత్రం, "నిద్రపొయ్యిండు, లేసుడు మర్సిండు" అంది.

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జడ్చర్లలో కిరాయి గదిలో డ్యూటీకి తయారవుతున్నాను. "మీ మామ లేడు కొడుకా" అని ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "వచ్చేటప్పుడు నీ కాఫీ మిషిన్ తెచ్చుకోరా. అత్త మరీ మరీ చెప్పింది" అంది.

చదువరులారా, చావింటికి కాఫీ మిషన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకుని కొల్లాపూర్ బస్సెక్కాను.

ఈ మిషన్ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే మా మామ గొప్పతనం మీకు తెలియదు. ఇది చేతిలో పట్టే వస్తువు, లావుపాటి టార్చిలైటంత ఉంటుంది. కరెంటు అక్కర్లేదు. కింది గిన్నెలో కాఫీపొడి నొక్కి, పైన వేడినీళ్లు పోసి, పక్కనున్న పిడిని బొటనవేలితో లోపలికి నొక్కుతూ వదులుతూ ఉంటే, ఆ ఒత్తిడికి నీళ్లు పొడిలోంచి దూరి చిక్కటి కాఫీగా దిగుతాయి. హోటళ్లలో అంత పెద్ద యంత్రం బుసలు కొడుతూ ఇచ్చే ఎస్ప్రెసో అన్నమాట. మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికిన కొత్తలో కొన్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి కనుక ప్రపంచంలో కాఫీని సరిగ్గా అర్థం చేసుకున్న కొద్దిమందిలో నేనొకణ్ణని నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఆ నమ్మకాన్ని మట్టిలో కలిపినవాడు మా మామ.

మామకు పిల్లలు లేరు. గొర్రెపిల్లలున్నాయి, నేనున్నాను. ఇద్దరికీ ఒకే గొంతుతో కేకలు వేసేవాడు. ఏటా వరికోతలు అయ్యాక మందను తోలుకుని కృష్ణ ఒడ్డు వైపు నడిచి వెళ్లేవాడు. దారిలో రైతులు తమ పొలంలో మంద పెట్టమని పిలుస్తారు. గొర్రెలు అక్కడ పడుకుంటే నేలకు ఎరువు. మిషన్ కొన్న ఏటి చలికాలం నేను నాలుగు రోజులు సెలవు పెట్టి ఆయన వెంట నడిచాను. పైకి చెప్పిన కారణం మామకు తోడు. అసలు కారణం, ఆరుబయట కాఫీ చేస్తూ ఫొటోలు దిగడం.

మొదటి రోజు పొద్దున నేను సామానంతా ఒక బండ మీద పరిచాను. గింజలు విసురుకునే చిన్న తిరగలి, పొడి తూచే వేలెడంత తక్కెడ, నీళ్ల వేడి చూసే థర్మామీటరు. మామ బీడీ ఆర్పేసి వచ్చి చూశాడు.

"ఏందల్లుడా గిది, సైకిల్ పంపా?"

"కాఫీ మిషిన్ మామా."

"మరి గీ జ్వరం సూసేది ఎవ్వలికి?"

"నీళ్లకు."

మామ గొర్రెల వైపు తిరిగి, "ఇన్నరా? నీళ్లకు జరమొచ్చిందంట" అన్నాడు.

నేను శాస్త్రం తప్పకుండా అన్నీ చేశాను. మూడు రాళ్ల పొయ్యి మీద సిల్వర్ గిన్నెలో నీళ్లు మరిగించాను. వేడి చూశాను, సరిగ్గా ఉంది. మిషన్‌లో పోశాను, నొక్కాను, గ్లాసు నింపాను. మామ ఒక్క గుక్క తాగి మొహం అంతా ఒకచోటికి తెచ్చుకున్నాడు.

"చింతకాయ పిసికినవారా?"

నేనూ తాగి చూశాను. నిజంగానే పులుపు. గింజల తప్పని చెప్పాను. మామ మిగిలినదాన్ని పొట్టేలు ముందు పెట్టాడు. అది వాసన చూసి నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఉద్యోగంలో ఎన్ని చీవాట్లు తిన్నా ఆ చూపు అంత బాధ ఇంకేదీ పెట్టలేదు.

రెండో రోజూ పులుపే. మూడో రోజు తెల్లవారి లేచి చూస్తే సంచిలో మిషన్ లేదు. మామ గొంగడి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రే పుట్టిన గొర్రెపిల్ల తల గొంగడిలోంచి బయటికి కనిపిస్తోంది. దాని పక్కనే నా మిషన్ తల కూడా.

"మామా, అదేంది?"

"కాగుతాంది. వేడినీళ్లు పోసి చుట్టిన."

"ఎందుకు?"

"పుట్టిన పిల్లను సల్లటి జాగాల పండవెడ్తవా? మంచు పడ్డ సంచిలకెల్లి తీసి అందుల నీళ్లు పోస్తివి. ఉన్న వేడంత గదే తాగె. ఇగ పొడికేం మిగులుతది, నీ తలకాయ?"

చదువరులారా, నేను గిన్నెలోని నీళ్ల వేడిని చూశాను. చల్లటి మిషన్‌లో పడ్డాక అవే నీళ్లు ఎంత చల్లారతాయో చూడలేదు. వేడి తగ్గితే పొడిలోని పులుపు ముందే దిగుతుంది, తీపి, చేదు లోపలే ఉండిపోతాయి. ఈ సంగతి నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మామ సంతకానికి వేలిముద్ర వేసేవాడు.

ఆ నీళ్లు పారబోసి, కొత్తగా మరిగిన నీళ్లు పోశాడు. "మొదటి నీళ్లు దానికి, రెండో నీళ్లు మనకు" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. మా ఇంట్లో ఎవరు టిఫిన్‌కు తొందరపెట్టినా అమ్మ ఇప్పటికీ ఆ మాటే అంటుంది.

నొక్కడం కూడా నాకు ఆయనే నేర్పాడు. నేను జిమ్ముకు వెళ్లినవాడిలా గబగబా నొక్కేవాణ్ణి. మామ నా చేయి పట్టి ఆపాడు. "మొదటిసారి పాలు పిండనిచ్చే మేక తాన గిట్లనే పోతవా? తన్నదా? ముందుగాల బుజ్జగియ్యాలె." నెమ్మదిగా ఏడెనిమిది సార్లు నొక్కి ఆగాడు. పొడి తడిసేదాకా ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాత పాలు పితికే చేత్తోనే, ఒకే తీరుగా నొక్కుతూ పోయాడు. గ్లాసులోకి ముందు నల్లటి చుక్కలు, తర్వాత తేనె రంగు ధార. పైన బంగారు రంగు మీగడ. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది, కాని మామ మీగడ అన్నాడు. అంతకన్నా మంచి పేరు నాకు ఇంతవరకు దొరకలేదు.

గ్లాసు పెదవుల దాకా తెచ్చి తాగకుండా మెల్లగా ఊదాడు. మీగడ నడుమ విడిపోయి, నల్లగా కాఫీ కనిపించి, మళ్లీ నెమ్మదిగా దగ్గరికొచ్చి మూసుకుంది.

"ఇడిపొయ్యి మల్ల కలిసింది సూడు. గట్ల కలిస్తెనే తాగాలె. కలవకుంటె పారబొయ్యి."

ఆ రోజు మేం మంద పెట్టిన పొలం రైతు భార్య గంపలో జొన్నరొట్టెలు తెచ్చింది. మామ ఆమెకూ కొంచెం కాఫీ పోశాడు. ఆమె గ్లాసు అడుగు చూసి, "గింతేనా అన్నా? దవాఖాన మందు లెక్కుంది" అంది.

"మందేనమ్మా. మా అల్లుడు మందుల కంపెనిల పని చేస్తడు" అన్నాడు మామ, మొహం ఏమాత్రం కదపకుండా.

ఆమె ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగింది. మరునాడు పొద్దున మళ్లీ వచ్చి, "మోకాళ్ల నొప్పికి మంచిగనే పనిచేసింది, ఇంకింత ఉందా?" అని అడిగింది.

ఆ తర్వాత ఏళ్లలో సెలవు దొరికినప్పుడల్లా మామ దగ్గరికి వెళ్లేవాణ్ణి. మంద ఎక్కడుంటే అక్కడికి. గుట్ట మీద, కోసిన పొలంలో, నది ఒడ్డున బండల మీద. కొత్త కొత్త గింజలు తీసుకెళ్లేవాణ్ణి. ఒకసారి పొడి మరీ మెత్తగా విసిరి, పిడి కదలక రెండు చేతులతో నొక్కుతుంటే మామ, "అది మొండికెయ్యలే. నువ్వే దాని నోట్ల బట్ట కుక్కినవు. జర బరకగ ఇసురు" అన్నాడు. చూడకుండా, ఇటు మందను అదిలిస్తూనే. చప్పుడు విని చెప్పాడు.

ఆయన చేస్తే ప్రతిసారీ మీగడ కలిసేది. నేను చేస్తే కూడా కలవడం మొదలైంది. కాని ఆయన నోటి వెంట "మంచిగైంది" అన్న మాట ఒక్కసారైనా రాలేదు. గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎటో చూస్తూ, "ఇంక కుదర్లే. ఇంకోపూట నేర్చుకుంటవు తియ్" అనేవాడు. ఎనిమిదేళ్లు అదే తీర్పు. నేను పట్టుదలగా మళ్లీ వెళ్లేవాణ్ణి. ఎస్ప్రెసో విషయంలో నాకు ఆ ఒక్కడి సర్టిఫికెట్ కావాలి. ఫొటోలు దిగడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

అత్త మాత్రం ఏనాడూ ఒక్క చుక్క ముట్టలేదు. మామ ఇంటి దగ్గరున్న రోజుల్లో గ్లాసు పట్టుకుని వెంటపడేవాడు. "ఒక్క గుక్క తాగవే." "ఆ చేదు నీళ్లు నాకొద్దు, నువ్వూ నీ అల్లుడు తాగుండ్రి." ఇది కూడా ఎనిమిదేళ్లు నడిచింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మామ దినాలు అయ్యేదాకా మిషన్ నా సంచిలోనే ఉంది. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లిపోయారు. మరునాడు పొద్దున అత్త దొడ్డి తలుపు తీసింది. మామ గొంగడి భుజాన వేసుకుంది, మామ కట్టె చేతికి తీసుకుంది. మందను అమ్మేస్తుందేమోనని ఊళ్లో అనుకుంటున్నారు. అత్త ఆ మాట విన్నట్టే లేదు.

"అల్లుడా, మిషిన్ పట్టుకుని నడువు" అంది.

మామ కూర్చున్న గుండు దగ్గర ఆగింది. గొర్రెలు అలవాటుగా చుట్టూ పరుచుకున్నాయి. అత్త మూడు రాళ్లు సర్ది మంట పెట్టింది.

"పెండ్లైన సంది నన్ను ఏదన్న ఒకటి అడుక్కున్నడంటె గిదొక్కటే. నేను తాగలే. ఇయ్యాల తాగుత. మంచిగ చెయ్యి."

చదువరులారా, ల్యాబులో కంపెనీ పరువంతా నా చేతిలో ఉన్న రోజుల్లో కూడా నేను దేన్నీ రెండోసారి తూచలేదు. ఆ పొద్దున పొడిని మూడుసార్లు తూచాను. ఈ కాఫీ కుదరకపోతే, మామ ఎనిమిదేళ్లు బతిమాలింది ఆ పులుపు కోసమా అనుకుంటుంది అత్త. మరో కాఫీ చేసి సరిదిద్దుకునే వీలు లేదు. ఆమె మళ్లీ ముట్టదు.

నీళ్లు మరగగానే తొందరలో నేరుగా పొడి నింపబోయాను.

"మొదటి నీళ్లు దానికిగాదురా?" అంది అత్త.

ఎనిమిదేళ్లు పక్కన కూర్చుని ఏమీ పట్టనట్టు తమలపాకులు తుడిచిన మనిషి అన్నీ విన్నదన్నమాట. మిషన్ తీసుకుని వేడినీళ్లు పోయించి, గొంగడి చివర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.  అది వెచ్చబడుతుండగా నేను అన్నాను.

"అత్తా, మామ నన్ను ఒక్కసారి కూడ మంచిగ చేసినవనలే."

అత్త నవ్వింది. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి.

"నీ ముంగల అనలే. ఇంటికొచ్చి నాతోని అనేటోడు. అల్లుడు నాకంటె మంచిగ చేస్తుండే అని. మరి వానికే చెప్పరాదు అంటె, చెప్తె నేర్చుకునుడు అయిపోయిందని మల్ల రాడే అనేటోడు."

నాకు పొగ కళ్లలోకి వచ్చింది. గాలి అటు వైపు ఉంది, అయినా వచ్చింది.

గొంగడిలోంచి మిషన్ తీసి ఇచ్చింది. మొదటి నీళ్లు పారబోశాను. పొడి నొక్కాను, రెండో నీళ్లు పోశాను. నెమ్మదిగా ఏడెనిమిది సార్లు, తర్వాత ఆగాను. మళ్లీ ఒకే తీరుగా. తేనె రంగు ధార దిగింది. గ్లాసు రెండు చేతులతో అత్తకు అందించాను.

అత్త తాగలేదు. పెదవుల దాకా తెచ్చి ఊదింది. మీగడ విడిపోయింది. ఇద్దరం వంగి చూస్తున్నాం. అంచుల నుంచి మెల్లగా జరిగి, మళ్లీ కలిసి మూసుకుంది.

ఒక గుక్క తాగింది. మొహం చిట్లించింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత గ్లాసు పైకెత్తి అడుగు చుక్క దాకా దించుకుని, మామలాగే మూతి తుడుచుకుని, గొర్రెల వైపు చూస్తూ అంది.

"ఇంక కుదర్లే. ఇంకోపూట నేర్చుకుంటవు తియ్."

లేచి మందను అదిలించింది. నేను సామాను సర్దేలోపే ఆమె చాలా ముందుకు వెళ్లిపోయింది. వెనక్కి తిరగకుండా ఒక చేయి ఊపింది. సంచిలో పెడదామని మిషన్ కోసం వెతికితే లేదు. ఎండలో నడుస్తున్న ఆమె భుజం మీది గొంగడి మడతలోంచి దాని తల కనిపిస్తోంది, గొర్రెపిల్లలాగా.