రమణక్క అడిగిన మేత సంగతి

పంపులో మందు మార్చేటప్పుడు ఒక చుక్క నా వేలిమీద పడుతుంది. ఆ ఘాటు వాసన తగలగానే రమణక్క గుర్తుకొస్తుంది. నెల్లూరు ఆసుపత్రిలో చక్కెర జబ్బు పిల్లలను చూసుకునే నర్సు ఆమె. నిరుడు రిటైరై వెళ్ళిపోయింది. మా పాప జాహ్నవికి నాలుగో ఏట ఆ జబ్బు బయటపడితే, రోజూ ఇన్నిసార్లు సూదులెందుకని డాక్టరుగారు నడుముకు చిన్న ఇన్సులిన్ పంపు పెట్టించారు. తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువులు చూసుకునే నాకు పంపంటే నీళ్ళ మోటారే. "ఎన్ని హెచ్‌పీదక్కా?" అన్నాను. "నీ నోటికున్నంత లేదులే పెంచలయ్యా. దీనికి ఆపే మీటుంది" అంది.

రెండు రోజులు నేర్పింది. పిల్ల ఎంత తింటుందో తెలియదు కాబట్టి మందు సగం ముందు, తిన్నదాన్ని చూసి మిగతాది. "అర్థమైందా?" అంటే, "ఇంక డాక్టరునని బోర్డు రాయించుకోడమేనక్కా!" అన్నాను. అందరూ నవ్వారు. నా బుర్రకు మాత్రం ఏమీ ఎక్కలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు పళ్ళెంలో మూడు ఇడ్లీలు పెట్టి, మూడింటికీ సరిపడా మందు ఒకేసారి నొక్కేశాను. పిల్ల ఒకటి తిని వద్దంది. కాసేపటికి ఒళ్ళంతా చెమట, చేతులు చల్లన. ఆసుపత్రికి ఫోన్ చేశాను. "మింగతా ఉందా? మందెక్కువై ఒంట్లో చక్కెర పడిపోయింది, చక్కెర నీళ్ళు తాపించు. పావుగంటకు మళ్ళీ పరీక్ష చెయ్యి. ఫోన్ పెట్టేయబాకు" అంది రమణక్క. ఆ పావుగంటలో నా నోట ఒక్క జోకూ రాలేదు. పిల్ల తేరుకుని "నాయనా" అన్నాకే ఊపిరి తీసుకున్నాను.

మర్నాడు ఆసుపత్రిలో రమణక్క అడిగింది: "అర్థం కాలేదని ఎందుకు చెప్పలేదబ్బయా?"

"ఆరో క్లాసులోనే బడి మానేసినోడినక్కా. తెలిస్తే పంపు ఇయ్యరేమోనని..."

"చెరువులో మేతంతా ఒక్కసారే ఏస్తావా?" అంది.

"లేదక్కా. కొంచెం ఏసి, పిడికెడు మేత పెట్టి నీళ్ళలో దించిన ట్రే పైకి లాగి చూస్తా. తినుంటేనే మిగతాది."

"రొయ్యల ట్రే చూస్తావు, బిడ్డ పళ్ళెం చూడవా?"

ఏడవబోయి నవ్వేశాను. ఆమే నా భుజం తట్టి, ఇంకోసారి మొదటినుంచీ చెప్పింది.

జాహ్నవి ఇప్పుడు రెండో తరగతి. నేను నవ్వించడం మానలేదు. కాకపోతే డాక్టరు ఏది చెప్పినా, పదిమంది ముందైనా సరే, "నాకు తెలియలేదు, మళ్ళీ చెప్పండి" అంటాను. జోకు ఆ తర్వాతే.