నల్లద్దాల పరామర్శ

“‘ఊరికే’ అని రాస్త. నిజమే కదనే?”

“రాయి, రాయి. ఎవలన్న చూస్తే గీ వయసుల ముసలోళ్ళకు షికార్లేందని నవ్వుతరు. ‘పరామర్శ’ అని రాయి.”

“గీ పుస్తకం ఎవలు చూస్తరే? అమీర్‌పేటకెళ్ళి వచ్చి చూస్తరా?”

“వచ్చినా వస్తరు.”

“అబద్ధం నా చేత్తోని రాయ. కావాలంటే నువ్వే రాస్కో.”

కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున గదులు అద్దెకిచ్చే చోట, మేనేజరు బల్ల ముందర, నేనూ మా ఆయనా పడిన తగువు ఇది. రిజిస్టరులో పేరు, ఊరు, వయసు అయ్యాక ‘వచ్చిన పని’ అని ఒక గడి ఉంది. ఆ గడి దగ్గర మా ఆయన పెన్ను ఆగిపోయింది. నేను పెన్ను గుంజుకుని, ఐదో తరగతి వరకు దిద్దిన అక్షరాలతో, గుండ్రంగా ‘పరామర్శ’ అని రాసేశాను. మేనేజరు మొహం చిన్నబోయింది. “అయ్యో, ధైర్యంగ ఉండమ్మా” అని తనే లేచి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

నవ్వకండి. ఇప్పుడే అంతా నవ్వేస్తే ముందుకు మిగలదు. మా ఇంట్లో నవ్వునైనా నూనెనైనా చూసి వాడుకోవాలి. ఇంటి దగ్గర కూడా ఇదే అబద్ధం ఆడి వచ్చిన పుణ్యాన మర్నాడు ఏం ముంచుకొచ్చిందో వింటే మీకే జాలి వేస్తుంది. అప్పటికి నాకు అరవై ఏడేళ్ళు. పసితనం.

మా ఆయన సత్తయ్య పంజాగుట్టలో నలభై ఏళ్ళు దర్జీ పని చేశాడు. కాలు మిషన్ మీద, కన్ను సూది మీద. ఆ ఏడు గుండెలో నొప్పి వస్తే సోమాజిగూడ దవాఖానాలో స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, “మందుల సంగతి సరే, జర మనసు నెమ్మదిగ ఉంచాలె పెద్దాయనా. ఎక్కడికన్న సప్పుడు లేని ఊరికి పోయి రెండు రోజులు కూసోండ్రి” అన్నాడు. మా అమీర్‌పేట గల్లీలో సప్పుడు లేని జాగా సూది మొనంత కూడా దొరకదు. ముందు కోచింగ్ సెంటర్లు, వెనక హాస్టళ్ళు, నెత్తి మీద మెట్రో.

మనవరాలు ఫోన్‌లో వెతికి ‘ప్రశాంతంగా గడపదగ్గ చిన్న ఊళ్ళు’ అని వరసగా బొమ్మలు చూపించింది. మా ఆయన ఒక బొమ్మ దగ్గర వేలు ఆపాడు. వెడల్పాటి నీళ్ళు, ఒక పుట్టి పడవ, అంతే.

“అనసూయా, మనిద్దరం ఎప్పుడన్న ఊరికే ఎక్కడికన్న పోయినమా?”

లెక్క చూసుకున్నాను. పెండ్లిళ్ళకు పోయాం, పురుళ్ళకు పోయాం, పుట్టువెంట్రుకలకు పోయాం, చావులకు పోయాం. నలభై ఏడేళ్ళ కాపురంలో ఏ పనీ లేకుండా ఒక్క ఊరి పొలిమేర తొక్కలేదు. ఆయన అడిగింది బంగారమా, భూమా? రెండు రోజులు నీళ్ళ ఒడ్డున నా పక్కన కూర్చుంటానన్నాడు. “సరే తీ” అన్నాను.

అంతవరకు బాగానే ఉంది. బయలుదేరే పొద్దున మెట్ల మీద పై ఫ్లాటు కనకమహాలక్ష్మి గారు ఎదురయ్యారు. భీమవరం మనిషి. మనసు వెన్న. నోరు మాత్రం మైకు.

“ఏంటండీ పిన్నిగారూ, ఊరు ప్రయాణమా?”

ఒక చేతిలో సకినాల డబ్బా, ఇంకో చేతిలో సర్వపిండి మూట. గదిలో తిండి కొనుక్కోవడమంటే నాకు ఒళ్ళు మంట. నా వెనక మా ఆయన, మిగిలిపోయిన సఫారీ గుడ్డతో తనే కుట్టుకున్న టోపీ పెట్టుకుని, మనవరాలి నల్లద్దాలు పెట్టుకుని, పెండ్లి కొడుకులా నిలబడ్డాడు. ఆయన్నలా చూసేసరికి నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎప్పుడూ చీటికి మాటికి అందరినీ అదిలించే అనసూయమ్మ, మొగుడితో షికారుకు పోతోందని తెలిస్తే ఆ మెట్ల మీద మళ్ళీ నా మాట చెల్లుతుందా?

“కొల్లాపూర్ల మా చిన్నమ్మకు పాణం బాగలేదటమ్మా. చూసొస్తం.”

పూర్తి అబద్ధం కూడా కాదు లెండి. మా రాజవ్వ చిన్నమ్మ ఉండేది ఆ ఊళ్ళోనే. ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఎక్కడో ఒక చోట నొప్పి ఉండకపోతుందా?

“అయ్యో పాపం! బాబాయిగారేంటి, నల్లద్దాలు పెట్టుకున్నారు?”

“కండ్లకెళ్ళి ఒకటే నీళ్ళు కారుతున్నయమ్మా.”

ఇది రెండోది. మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. అద్దాల వెనక ఉన్నా తగిలింది.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు పెద్దలు. నాది ఎంత బాగా అతికిందంటే, ఇక ఎవరు పీకినా రాలేదు.

సాయంత్రానికి నీటి ఒడ్డున రెండు కుర్చీలు వేసుకున్నాం. డాక్టరు మాట ప్రకారం ఫోన్ ఆపేశాను. మా ఆయన నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను కాసేపు చూశాను. నీళ్ళున్నాయి. అవతల గుట్టలున్నాయి. చూడటం అయిపోయింది.

“ఏమయ్యా, చూసుడు అయిందా?”

“ఇది అయ్యేది కాదే.”

ఇంకాసేపటికి, “ఇప్పుడన్న అయిందా?”

“నువ్వు జర ఊకో.”

ఆయన మొహంలో నలభై ఏళ్ళ మిషన్ చప్పుడు ఒక్కొక్క కుట్టే విప్పుకున్నట్టు పోతోంది. సకినం ఒకటి చేతిలో పెట్టాను. దాన్ని కొరకడం కూడా మరిచిపోయి పట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఇంత నెమ్మదిగా ఉంటే, అక్కడ అమీర్‌పేటలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మా ఆడబిడ్డ సుశీల బోరబండ నుంచి గోంగూర పచ్చడి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తాళం. కనకమహాలక్ష్మి గారు పైనుంచి దిగారు.

“మీ వదినగారి చిన్నమ్మగారికి సీరియస్‌ అనుకుంటానండీ. మీ అన్నయ్యగారు నల్లద్దాలు పెట్టుకుని మరీ దిగారు. ఒకటే కన్నీళ్ళటండి పాపం.”

సుశీల వెంటనే నాకు ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. మళ్ళీ చేసింది. ఆపేసి ఉంది. ఇక ఆమెకు అనుమానం లేదు. “సావు ఇంట్ల ఫోనెవలెత్తుతరు!” అని మెట్ల మీదనే కూలబడిందట.

మా వాళ్ళలో ఒక కట్టుబాటుంది. పెండ్లికి పిలిస్తే పోవాలి, చావుకు తెలిస్తే పోవాలి. తెలిసీ పోకపోతే ఏడు తరాలు చెప్పుకుంటారు. పూర్వమైతే బస్సు చార్జీ తలుచుకుని ఇంటికొక్కరు పోయేవారు. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ లేదాయె. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, దుఃఖాన్ని రాష్ట్రంలో ఏ మూలకైనా తీసుకుపోవచ్చు.

మర్నాడు పొద్దున పెరుగు కోసం కొల్లాపూర్ బస్టాండు దగ్గరికి వచ్చాను. హైదరాబాద్ బస్సు ఆగింది. అందులోంచి సుశీల దిగింది. దాని వెనక దాని తోడికోడలు, వాళ్ళ వెనక మా బోరబండ చుట్టాలు, మొత్తం ఏడుగురు ఆడవాళ్ళు. అందరి కొంగులూ మూతుల మీద. చివరామె చేతిలో అరటాకులో చుట్టిన బంతిపూల దండ.

“వదినా! ఎంత పనాయె వదినా!”

సుశీల నా మెడ మీద పడి రాగం ఎత్తుకుంది. మిగిలినవాళ్ళు అందుకున్నారు. పెరుగు గిన్నె ఎటు పోయిందో తెలియదు. బస్టాండంతా మా చుట్టూ చేరింది.

“సుశీలా, గది కాదు, నేను చెప్పేది విను...”

“వద్దు వదినా. మాట్లాడకు. గుండె పలుగుతది.” నా నోటిని కొంగుతో తుడిచింది.

“ఒసేయ్, చిన్నమ్మకు ఏం కాలె...”

“చూసినవానె, నమ్ముతలేదు. పిచ్చిగైంది పాపం. మా వదిన గింత మెత్తని మనిషని ఇన్నేండ్లు తెల్వకపాయె.”

నిజం చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని ఓదార్పుతో మూసేశారు. రెండు ఆటోలు ఎక్కించారు. మధ్యలో నన్ను కుదేశారు. “శవాన్ని ఎన్నింటికి తీస్తరు?” అని పక్కామె చెవిలో అడిగింది. ఉరిశిక్ష పడ్డవాడు కూడా అంత మర్యాదగా బండెక్కి ఉండడు.

చిన్నమ్మ ఇంటి ముందు ఆటోలు ఆగాయి. అరుగు మీద రాజవ్వ చిన్నమ్మ కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

ఏడుపు ఒక్కసారిగా ఆగింది. కరెంటు పోయినప్పుడు పిండి గిర్నీ ఆగినట్టు. ఒక్క గొంతు మాత్రం ఆలస్యంగా, “మా అత్తో...” అని సాగదీసి, చిన్నమ్మను చూసి, మింగేసింది.

చిన్నమ్మ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. “అనసూయా? సుశీలా? గిందరు గిట్లొచ్చిండ్రేందే! గా దండ ఎవలికి?”

దండ పట్టుకున్నామె దాన్ని మెల్లగా వీపు వెనక్కి దాచింది.

సుశీల నా వైపు తిరిగింది. “వదినా?”

ఇక దాచడానికి ఏముంది? అరుగు కింద నిలబడి మొత్తం చెప్పేశాను. మా ఆయన గుండె, డాక్టరు మాట, నీళ్ళ ఒడ్డు గది, మెట్ల మీద సిగ్గు, నల్లద్దాలు. “నిన్ను చూడనీకి సుత రాలేదు చిన్నమ్మా. ఊరికే వచ్చినం. ఊరికే వచ్చినమని చెప్పనీకి నోరు రాక, నీ పాణం మీదికి తెచ్చిన.”

చిన్నమ్మ చింతపండు చేట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పోయింది.

“గిందరు వస్తరా నేను పోతే?”

అందరి కొంగులూ మూతుల మీది నుంచి జారాయి.

“ఆరేండ్లాయె మీ మొకాలు చూసి. ఎవలన్న వస్తరేమోనని పొద్దుగాల అరుగు మీదనే కూసుంట.” కొంగుతో ముక్కు తుడుచుకుని చెయ్యి చాచింది. “గా దండ ఇటియ్యి. సచ్చినంక ఏస్తే నాకేం వాసనొస్తది?”

దండ మెడలో వేసుకుని, సర్దుకుని, “ఎట్లున్న?” అంది. సుశీల మళ్ళీ ఏడ్చింది. ఈసారి రాగం లేకుండా.

తర్వాత పొయ్యి వెలిగింది. ఎవరు బియ్యం కడిగారో, ఎవరు పప్పు వేశారో తెలియదు. సాయంత్రం అందరికీ నీళ్ళు చూడాలనిపించింది. ఆటోల్లో గది దగ్గరికి వచ్చారు. మా ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడుగురు ఆడవాళ్ళూ, మెడలో దండతో మా చిన్నమ్మా కట్ట మీది నుంచి దిగుతుంటే అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను విషయం చెప్పాను. ఆయన లేచి తన కుర్చీ చిన్నమ్మకు ఇచ్చాడు. గదిలోని నా సర్వపిండి మూట కూడా అయిపోయింది. ఇక చీకటి పడేదాకా అక్కడ మాటలు, నవ్వులు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకోవడాలు. అమీర్‌పేట సప్పుడు టికెట్ లేకుండా కృష్ణ ఒడ్డుకు వచ్చింది.

వాళ్ళు చిన్నమ్మ ఇంటికి మళ్ళుతుంటే ఆయన నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు. “ఫికర్ చెయ్యకే. నిన్న పొద్దుగూకేదాక చూసిన గద. సాలు.”

తిడితే సర్దుకునేదాన్ని. ఆ ‘సాలు’ మాత్రం సర్దుకోనివ్వలేదు. జీవితమంతా ఇంట్లో ఆ మాట అందరికంటే ఎక్కువ వాడింది నేనే. ఉప్పు దగ్గర సాలు, చక్కెర దగ్గర సాలు. చివరికి ఆయన చూపుకు కూడా సాలు అనిపించాను.

అందుకే, చదివేవాళ్ళంతా సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇక ఈ కట్టె కాలేలోపు బతికున్న మనిషికి జ్వరం కూడా తెప్పించను. షికారుకు పోతే షికారుకనే చెబుతాను. తప్పితే నా సకినాలు మెత్తబడిపోవును గాక!

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళతో చిన్నమ్మ కూడా ఎక్కింది. “ఏం పనిమీద?” అని సుశీల అడిగితే, “నల్లద్దాలు చూసి నన్ను సంపిన ఆమెనొకసారి చూసొస్త” అంది. కిటికీలోంచి వాడిన బంతిపూలు కనిపించాయి. బస్సు కదిలాక బస్టాండు దగ్గర మళ్ళీ పెరుగు కొని, ఫోన్ తెరిచేసరికి కనకమహాలక్ష్మి గారే.

“పిన్నిగారూ, అన్నీ సవ్యంగా జరిగాయాండీ?”

“జరిగినయమ్మా. చనిపోయినామె బస్సెక్కింది. మీ ఇంటికే చాయకు వస్తది.”

అవతల ఏదో గిన్నె కింద పడిన చప్పుడయింది.

గదికి వచ్చేసరికి మా ఆయన సంచులు సర్ది, టోపీ పెట్టుకుని, మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా రెండు రోజులు అయిపోయాయి. “సంచులు కింద పెట్టు” అని చెప్పి మేనేజరు దగ్గరికి వెళ్ళాను. “ఇంకో రెండు రోజులుంటం” అన్నాను. అతను జాలిగా చూసి రిజిస్టరు తిప్పి నా ముందు పెట్టాడు. పేరు రాశాను. ఊరు రాశాను. వయసు రాశాను. వచ్చిన పని గడిలో ‘ఊరికే’ అని రాసి, పెన్ను మూత పెట్టి, పెరుగు తీసుకుని మా ఆయన దగ్గరికి పోయాను.