సగంలో ఆగిన జపాను చిత్రం

కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో సింధనూరు డేరా టాకీసుకు ఒక జపాను నేరపరిశోధక చిత్రం వచ్చింది. అందులో మాటలు తక్కువ. వాన, అడుగుల చప్పుడు, వీధిదీపాల నీడలు ఎక్కువ. పోలీసు దొంగను వెంటాడుతుండగా, పాటలు లేవని జనం గోల చేశారు. యజమాని చిత్రాన్ని అక్కడే ఆపి, మరేదో సినిమాలోని నృత్యాల రీలు ఎక్కించాడు. ఇది అన్యాయం కాదా?

మర్నాడు ముసురులో, బస్టాండులో కారుతున్న చూరు కింద, పక్కనున్న గొంగడి మనిషితో ఆ మాటే అన్నాను. "దొంగ దొరికాడో లేదో తెలియక నిద్రపట్టలేదండీ!"

ఆయన నవ్వాడు. "గంత కోపమెందుకు సార్? రాయచూర్ల నేను పూరా చూసిన. దొరుకుతడు."

"ఎలాగ?"

ఆయన తన గొంగడిలో సగం తీసి నా తలమీద కప్పాడు. "ఉరికి ఉరికి ఇద్దరూ అలిసిపోతరు. పోలీసాయన తడుస్తుండని దొంగనే దగ్గరకొచ్చి గొడుగు పడ్తడు. గట్లనే ఇద్దరూ నడుసుకుంట పోతరు."

"మరి బేడీలు?"

"బేడీలు యాదికి లేవు సార్."

గొంగడి కింద తడి ఉన్ని వాసన, చుట్టూ వాన. ఇంతలో ముదగల్ బస్సు రాగా ఆయన వెళ్లిపోయాడు.

టాకీసు యజమానిని నేటికీ క్షమించలేదు. అయితే ఆ చిత్రం చూశారా అని ఎవరైనా అడిగితే, పూర్తిగా చూశాననే చెబుతాను.