గాడి లోతు

చనిపోయిన రోజు పొద్దున కూడా ఒరెస్ట్ ఒక చిన్నపిల్ల స్కేట్లకు సాన పట్టాడు. పదును బొటనవేలి గోటి మీద చూసుకుని, సాన గదిలోంచి తల బయటికి పెట్టి మంచు మీదికి కేకేశాడు.

"ఏమే వెల్మా, ఆ ఎడమ చెయ్యి ఎవడి కోసం చాస్తున్నావే ఇంకా?"

"నీ కోసం మాత్రం కాదురా! నువ్వొస్తే మంచు పగులుతుంది, లోపలికి పో!"

ముప్పై ఏళ్ళుగా ఆ స్కేటింగ్ హాల్లో వాళ్ళ పలకరింపు ఇదే. మధ్యాహ్నానికి అతని గుండె ఆగిపోయింది.

పదకొండో ఏటి నుంచీ ఇద్దరూ మంచు మీద జంటగా స్కేటింగ్ ఆడేవాళ్ళు. తన తండ్రి సాన యంత్రం మీద ఇద్దరి స్కేట్లకూ ఒరెస్టే పదును పెట్టేవాడు. బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది. లోతు తక్కువైతే హాయిగా జారిపోతుంది. ఎక్కువైతే మంచును కరిచి పడుతుంది; ఒంటరిగా గెంతేవాళ్ళకు అదే కావాలి. జంటలో మాత్రం ఇద్దరికీ ఒకే లోతు ఉండాలి, లేకపోతే ఒకరు ముందూ ఒకరు వెనకా అయిపోతారు.

పంతొమ్మిదో ఏట వెల్మా మనసు సింగిల్స్ మీదికి పోయింది. కానీ రెండేళ్ళుగా ఒకే గెంతు దగ్గర చతికిలబడుతోంది. నవంబరు పదకొండు, సెలవు రోజు, వరసగా మూడుసార్లు కాలు నిలిచింది. చలికి మంచు గట్టిపడిందనుకుంది. వారం తిరక్కుండా ఇద్దరూ పెరోగీ కుడుములు తింటుండగా చెప్పేసింది.

"రెజైనాలో జరిగే పోటీలో నేనొక్కదాన్నే దిగుతానురా."

"హమ్మయ్య! నిన్నెత్తీ ఎత్తీ నా నడుం విరిగింది. ఆ క్రీము ఇటు తొయ్యి."

ఆమెకు నాలుగో స్థానం వచ్చింది. తనూ సింగిల్స్‌లో దిగిన ఒరెస్ట్ పదకొండు మందిలో పదకొండోవాడయ్యాడు. "చివరివాణ్ణెవరూ మర్చిపోరే" అని నవ్వి, మరో జోడీని వెతుక్కోకుండా సాన ముందు కూర్చున్నాడు. వెల్మా పిల్లలకు నేర్పడంలో పడింది. వాణ్ణి నడిమధ్యలో వదిలేశానన్న ముల్లు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. 'నా మీద కోపమా?' అని అడగాలని ప్రతి చలికాలమూ అనుకునేది. యంత్రం చప్పుళ్ళో వినపడదులే అని ఊరుకునేది.

అంత్యక్రియలయ్యాక సాన గది సర్దే పని ఆమెకే పడింది. ఏ స్కేట్లకు ఎంత లోతు, ఏ రోజున పెట్టాడో అట్టముక్క మీద రాసి మేకుకు గుచ్చడం అతని అలవాటు. ఒక్కటీ పారేసేవాడు కాదు. పాతవాటిలో వాళ్ళవి దొరికాయి. ప్రతి ముక్క మీదా రెండు పేర్లూ, ఒకే అంకె. ఆఖరిదాని మీద వెల్మా పేరొక్కటే ఉంది. గాడి లోతు పెంచాడు.

తేదీ నవంబరు పది.