నలుగుపిండి వాసన

నిన్న కోడలు తెప్పించుకున్న 'సహజ' ఫేస్‌ప్యాక్ సీసా మూత తీస్తే అమ్మ గుర్తొచ్చింది. అదే పెసరపిండి, పసుపు, కచ్చూరాల వాసన. దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్ల మిత్రులారా, అమ్మలు మన వీపుల మీది బొగ్గుమసిని నలుగుపిండితో వదిలించేవారు, గుర్తుందా?

ఒకరోజు పక్కింటి ఆఫీసరు భార్య ముక్కు మూసుకుని, "ఏందమ్మా, ఇంకా గీ పిండే రుద్దుతవా? పోరనికి సబ్బు పెట్టరాదు? గబ్బు కొడ్తుండు!" అని అందరి ముందు నవ్వింది. అమ్మ డబ్బాలోని పిండంతా పారబోసింది. మర్నాడు సబ్బు నా చేతికిచ్చి, "నువ్వే రుద్దుకో బిడ్డా" అంది.

అప్పుడు ఆ ఆఫీసరు భార్య పక్కన నిలబడి నవ్విన ఆమె కూతురే ఇప్పుడు మన గ్రూపులో సబ్బు మానండి, ప్రకృతికి మళ్లండి అని రోజూ పోస్టులు పెడుతోంది. మానేస్తాను తల్లీ. ఆ రోజు నుంచి నా వీపును తాకని అమ్మ చేతిని ఏ సీసాలో పెట్టి అమ్ముతున్నారో, అది కూడా ఒక పోస్టు పెట్టు.