రబ్బరు చెయ్యి పట్టుకుంది

గోళ్ల అలంకరణ కోర్సు ఎక్కడ నేర్చుకోవాలా అని మొన్న గద్వాలలో ఒక సెంటర్ చూశాను. ఈరోజు వనపర్తిలో ఇంకోదానికి వెళ్లాను. నేర్పే అక్క ప్రాక్టీసుకని ఒక రబ్బరు చెయ్యి నా ముందు పెట్టింది. చిటికెన వేలికి రంగు వేస్తుంటే, ఆ చెయ్యి మెల్లగా ముడుచుకుని నా వేళ్లను పట్టుకుంది. వెచ్చగా ఉంది.

“అక్కా, ఇదేంది, పట్టుకుంటుంది?”

“లోపల తీగలుంటయి చెల్లె, ఒంచితే ఒంగుతయి,” అంటూ తలెత్తి చూసిన అక్క గొంతు తగ్గించింది. “జర కదలకు. అదే ఇడిచిపెడ్తది. అందర్నీ పట్టుకోదు.”

కాసేపటికి విడిచింది. మిగతా వేళ్లకు రంగు వేయకుండానే బస్సెక్కాను. గద్వాలే నయమనుకున్నాను. కానీ అమ్మ పోయాక నా చేతిని అంత గట్టిగా ఎవరూ పట్టుకోలేదు. ఇందాకే వనపర్తి అక్కకు ఫోన్ చేసి, సోమవారం నుంచి వస్తానని చెప్పాను. మీరైతే వెళ్తారా?